ఇంకొంచెం పెంచవే

నా అరచేతులకి చెమట పడుతుంది. ఇది రాస్తున్నప్పుడు కూడా కాగితం మీద చేతిరుమాలు పరుచుకుని, దాని మీద మణికట్టు ఆనించుకుని రాస్తున్నాను. ఎండలో పనిచేస్తే అందరికీ పట్టే చెమట కాదిది. పుష్యమాసం చలిలో, ఏ పనీ లేకుండా కూర్చున్నా అరచేతుల్లోంచీ అరికాళ్ళలోంచీ ఊరుతూనే ఉంటుంది. బళ్ళో పలక మీద రాసింది నా చెయ్యి తగిలి నేనే చెరిపేసుకునేదాన్ని. ఒప్పులకుప్పకి చెయ్యి అందిస్తే తోటి పిల్లలు "ఛీ, కప్పని పట్టుకున్నట్టుంది" అని వదిలేసేవాళ్ళు. పెద్దయ్యాక రేషను డిపోలో వేలిముద్ర మిషను నన్ను ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. "తుడుచుకుని పెట్టండమ్మా" అనేవాడు డీలరు. తుడిచి పెట్టేలోపు మళ్ళీ తడి. వెనక లైనులో ఉన్నవాళ్ళ విసుగు వినపడుతూ ఉండేది.

దీనికి డాక్టర్లు పెట్టిన పేరు పొడుగ్గా ఉంటుంది. నాకు నోరు తిరగదు. "ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కాదులేమ్మా" అని డాక్టరమ్మ అన్న మాట మాత్రం గుర్తుంది. నిజమే. నా ప్రాణం మీదికి ఏమీ రాలేదు. వచ్చింది మా అత్త కాలి మీదికి. ఆ సంగతి చెప్పడానికే కూర్చున్నాను. ఇంకెవరి ఇంట్లోనైనా ఇలాంటి టబ్బులూ వైర్లూ ఉంటే, వాళ్ళు ఇది చదివి కాసేపు ఆగితే చాలు. నా మనసు కూడా కాస్త కుదురుకుంటుందేమో చూడాలి.

మాది నరసాపురం పక్క పల్లెటూరు. అప్పటికి ఇంట్లో నలుగురం. నేను, మా బావ శ్రీను, అత్త, మావయ్య. బావంటే నా భర్తే. మేనత్త కొడుకుని చేసుకున్నాను. అంచేత మంగతాయారత్త నాకు పెళ్ళితో అత్త కాలేదు, పుట్టినప్పటినుంచీ అత్తే. మావయ్య రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు మీద పనిచేసి మానేశారు. బావ రొయ్యల చెరువుల దగ్గర నీళ్ళు చిలికే ఏరియేటర్ల మోటార్లు బాగుచేస్తాడు. అత్తా నేనూ లేసు అల్లేవాళ్ళం.

లేసుకి తెల్లదారం కావాలి, పొడి చేతులు కావాలి. అత్త అల్లిన పువ్వు మల్లెపువ్వులా ఉండేది. నేను అల్లింది రెండో వరసకే మాసిపోయేది. సూది తుప్పు పట్టి దారానికి గోధుమరంగు మరకలు చేసేది. పౌడరు రాసుకుంటే అది చెమటలో ముద్దయి ఇంకా పాడుచేసేది. శుక్రవారం సరుకు పట్టుకెళ్ళడానికి వచ్చే ఏజెంటు నా పువ్వుని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "ఇది టీ వడగట్టిన గుడ్డా ఏంటండీ?" అనేవాడు. పెళ్ళయిన కొత్తలో అలా అన్నాడు. తరవాత అనడం మానేశాడు. నాకు చెయ్యి తిరిగిందనుకుని పొంగిపోయాను. ఒకరోజు నా కట్టలో పువ్వుల్ని తిరగేసి చూస్తే, ప్రతి పువ్వు వెనకా చివర రెండుసార్లు తిప్పి బిగించిన చిన్న ముడి ఉంది. అది అత్త వేసే ముడి. నేను వంటింట్లో ఉన్నప్పుడు నా మాసిన పువ్వులు తీసేసి తనవి పెట్టేది.

అడిగితే, "నాకేం తెలుసే, దారమే మంచిదొచ్చిందేమో" అంది. అంటూనే నా రెండు చేతులూ లాక్కుని చెంగుతో తుడిచింది. అది ఆవిడ అలవాటు. ఏదో మాట్లాడుతూ మాట్లాడుతూనే నా చేతులు తీసుకుని తుడిచేది. అత్త చీరలన్నిటికీ చెంగు దగ్గర ఉన్న మరకలు నావే.

ఫిబ్రవరి

పాలకొల్లులో చర్మం డాక్టరమ్మ దగ్గరికి నన్ను లాక్కెళ్ళింది అత్తే. ఇంతకాలం ఎందుకు వెళ్ళలేదంటే, చెమటకి డాక్టరేంటని నవ్వుతారని. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద నా పక్కన ఒక కాలేజీ అమ్మాయి కూర్చుంది. ఒళ్ళో రుమాలు పెట్టుకుని నలుపుతోంది. నేనూ అదే చేస్తున్నాను. ఇద్దరం ఒకరి చేతులొకరు చూసుకున్నాం. "మీక్కూడానా అండీ?" అంది. అంతే, ఆ అమ్మాయీ నేనూ నవ్వుకున్నాం. పుట్టి బుద్ధెరిగాక నాలాంటి చేతులు చూడటం అదే మొదలు.

డాక్టరమ్మ నన్ను చూసి నవ్వలేదు. చాలామందికి ఉంటుందని, చెప్పుకోరని అంది. రెండు టబ్బుల్లో నీళ్ళు పోసి, చేతులు పెట్టించి, మిషనుతో సన్నటి కరెంటు పంపించే పద్ధతి ఒకటి ఉందంది. "కరెంటే! అయ్యబాబోయ్!" అని అత్త లేచి నిలబడింది. చేస్తున్నంతసేపూ నా వెనకే నిలబడి నా జడ పట్టుకుంది, జడ పట్టుకుంటే నన్ను బయటికి లాగెయ్యొచ్చన్నట్టు. చీమలు పాకినట్టు చిటచిటలాడింది, అంతే.

వారానికి మూడుసార్లు రావాలన్నారు. ఇంట్లో పెట్టుకునే మిషన్లు కూడా ఉంటాయని, కానీ కొన్నాళ్ళు ఇక్కడ చేయించుకుని, తను చూసి సరేనన్నాకే ఆ సంగతి అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. జాగ్రత్తలు రాసిన కాగితం ఒకటి చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి బావకి చెబితే నవ్వాడు. "దీనికి పాలకొల్లు దాకా వెళ్ళాలేంటే వేణీ? ఒక చార్జరు, రెండు రేకులు, అంతేగా. అంతంత మోటార్లు విప్పి బిగిస్తన్నాను, ఇదో లెక్కా?"

వద్దనాల్సింది. బస్సులెక్కి దిగడం తప్పుతుందని సరేనన్నాను. నిజం చెప్పాలంటే, మా ఆయన నా కోసం ఏదో చేస్తున్నాడని మురిసిపోయాను కూడా.

మార్చి, ఏప్రిల్

బావ పాత బ్యాటరీ చార్జరుకి కరెంటు పెంచడానికీ తగ్గించడానికీ తిప్పే నాబు ఒకటి బిగించాడు. స్టీలు రేకులు కోసి, అంచులు ఆకురాయితో నున్నగా చేసి, నీలం రంగు టబ్బుల్లో అడుగున పెట్టాడు. ముందు తన చేతులే పెట్టుకుని చూశాడు. బోరు నీళ్ళు పోస్తే చురుక్కుమందని, తాగే టిన్ను నీళ్ళే పొయ్యమన్నాడు. మా వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఉప్పు నీళ్ళలో కరెంటు ఎక్కువ పారుతుందని తనకి తెలుసు. నాకు "టిన్ను నీళ్ళు పొయ్యి" అన్నంతవరకే తెలుసు. ఎందుకో తను చెప్పలేదు, నేను అడగలేదు.

డాక్టరమ్మ ఇచ్చిన కాగితం ఫ్రిజ్జు తలుపుకి అంటించాను. ఉంగరాలూ గాజులూ, ఒంటి మీద లోహం ఏదున్నా తీసెయ్యాలని ఉంది. పుండ్లుంటే పెట్టకూడదని, చెయ్యి ఒక్కసారిగా బయటికి తియ్యకూడదని ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళు, గుండెకి మిషను పెట్టించుకున్నవాళ్ళు, ఒంట్లో రాడ్లున్నవాళ్ళు, స్పర్శ తెలియనివాళ్ళు దగ్గరికి రాకూడదని ఉంది. స్పర్శ తెలియనివాళ్ళు అన్న చోట నాకు ఎక్కడో చూసిన ఎవరో రోగులు గుర్తొచ్చారు. మా ఇంట్లో మనిషి గుర్తు రాలేదు.

మూడు వారాలకి చేతులు ఆరాయి. ఎలా చెప్పను ఆ సంగతి! పొద్దున్నే లేచి దుప్పటి మడతపెడుతుంటే చేతులకి దుప్పటి నూలు నూలుగా తెలిసింది. లేసు పువ్వు ఒకటి మొదటినుంచి చివరిదాకా అల్లాను, తెల్లగా ఉంది. అత్త దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, నా అరచెయ్యి తీసుకుని తన బుగ్గకి ఆనించుకుంది. "ఇక నీ చెయ్యి పట్టుకుంటే జారిపోదులే" అని బావ ఏడిపించాడు. రేషనుకి నేనే వెళ్తానని పట్టుబట్టి వెళ్ళాను. మిషను మీద వేలు పెట్టగానే పచ్చలైటు వెలిగింది. డీలరుకి ఏమీ తెలీదు పాపం, "బియ్యమా, పంచదార కూడానా?" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అంత సంతోషంలో కొన్ని దాచాను. ఒకసారి ఫోను మోగితే గబుక్కున చెయ్యి తీశాను, భుజందాకా ఎవరో గుంజినట్టు కొట్టింది. ఇంకోసారి వేలి పక్క చీలిక ఉందని మర్చిపోయి పెడితే రెండు రోజులు మండింది. అప్పుడే ఆ టబ్బులు పక్కన పెట్టెయ్యాల్సింది. చెబితే మానిపిస్తారని ఎవరికీ చెప్పలేదు.

మే

అత్తకి షుగరు చాలా ఏళ్ళుగా ఉంది. కాళ్ళు తిమ్మిర్లనేది. దూది మీద నడుస్తున్నట్టుందనేది. వీధిలో నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఇంటికొచ్చాక చూసుకుని, "ఒసేయ్, నా చెప్పొకటి ఎటో పోయిందే" అని వెనక్కి వెళ్ళి వెతుక్కునేది. మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. తనూ నవ్వేది. ఇప్పుడు తల్చుకుంటే తెలుస్తోంది. అదే కదా స్పర్శ తెలియకపోవడమంటే.

"నీ చెమటకి పనిచేసింది, నా తిమ్మిరికి పనిచెయ్యదేంటే?" అని అడగడం మొదలుపెట్టింది. పాలకొల్లు ఎగ్జిబిషన్లో ఒకసారి ఎవడో కాళ్ళ కింద గుర్రుమనే మిషను పెడితే హాయిగా ఉందట. రెండుసార్లు వద్దన్నాను. మూడోసారి, నెలాఖరులో ఒక మధ్యాహ్నం, బావ చెరువుల మీదికి వెళ్ళాడు, మావయ్య రేవు వైపు వెళ్ళారు. ఇన్నేళ్ళు నా చేతులు తుడిచిన మనిషి ఒక్కటడిగితే కాదనలేకపోయాను.

టిన్ను ఖాళీ అయిపోయింది. కాళ్ళు ములగాలంటే నీళ్ళు ఎక్కువ కావాలి. బోరు నీళ్ళు పట్టాను.

"మట్టెలు తియ్యాలి అత్తా" అన్నాను. కాగితంలో ఆ ముక్క గుర్తుంది నాకు.

"మీ మావయ్య నిక్షేపంలా తిరుగుతుండగా మట్టెలు తీస్తానా? నోర్ముయ్. స్కానింగుకెళ్ళినప్పుడే తియ్యలేదు."

"లోహం నీళ్ళకి తగలకూడదంట."

అత్త పక్కనున్న లేసు దారం ఉండ నా మీదికి విసిరింది. "చుట్టవే. తగలదుగా ఇంక."

నేను నేల మీద కూర్చుని అత్త కుడికాలి మట్టెకీ ఎడంకాలి మట్టెకీ తెల్లదారం చుట్టాను. వరస మీద వరస, సందు లేకుండా, ఎంతో పొందిగ్గా చుట్టాను. ఇద్దరం లేసు అల్లేవాళ్ళమే కదా, దారం మీద మాకు అంత నమ్మకం. తడిసిన దారం కరెంటుకి అడ్డుపడదన్న జ్ఞానం ఇద్దరిలో ఒక్కరికీ లేకపోయింది.

కాళ్ళు పెట్టింది. నాబు తిప్పాను.

"తెలుస్తోందా అత్తా?"

"ఏం తెలీటం లేదే. ఇంకొంచెం పెంచవే."

పెంచాను.

"ఇప్పుడో?"

"అబ్బే. మీ ఆయన మిషను నీకొక్కదానికే పనిచేస్తదేమో. ఇంకొంచెం పెంచవే."

అలా నాబు చివరికంటా తిరిగింది. తిప్పింది నేనే. నా చేతులకి అందులో సగం కూడా ఎప్పుడూ పెట్టుకోలేదు. అత్త ఏమో హాయిగా గోడకి జారబడి, పెళ్ళయిన కొత్తలో మావయ్య పంటు మీద అందరి ముందూ తనని పేరు పెట్టి పిలిచి నాలిక కరుచుకున్న సంగతి చెబుతోంది. నేను నవ్వుతూ వింటున్నాను. ఇరవై నిమిషాలు.

తీశాక చూస్తే దారం పచ్చగా మారింది. విప్పితే కుడికాలి మట్టె కింద చర్మం తెల్లగా, నాని ఉబ్బినట్టు ఉంది. ఎడంకాలికి కాస్త ఎరుపు, అంతే. "నీళ్ళలో నానిందిలే" అంది అత్త. "హాయిగా ఉందే వేణీ, కాళ్ళు తేలికయ్యాయి." ఆ సాయంత్రం వీధి చివరిదాకా నడిచి వచ్చింది కూడా.

జూన్

మర్నాటికి బొబ్బ లేచింది. నాలుగో రోజుకి అది చితికి, మట్టె చుట్టూ గుంట పడింది. అత్తకి నొప్పి లేదు. నొప్పి లేనందుకు నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. నొప్పి లేకపోవడమే అసలు జబ్బని ఎవరు చెప్పాలి నాకు?

"శీనుగాడికి చెప్పకు" అంది అత్త. "వాడు చేసిన మిషనని కుమిలిపోతాడు. వేడినీళ్ళు పడ్డాయందాం."

ఊళ్ళో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. "వేడినీళ్ళు పడ్డాయండి" అంది అత్త. ఆయన నా వైపు చూశారు. నేను తలూపాను. ఆ తల ఊపినందుకు నన్ను నేను క్షమించుకోలేదు. ఆయన ఆయింట్‌మెంటు ఇచ్చి, షుగరు జాగ్రత్తన్నారు. మంచాయన. అబద్ధానికి ఏ మందు ఇవ్వాలో అదే ఇచ్చారు.

పదకొండు రోజులు దాచాం. ఆ పదకొండు రోజులూ అత్త లేసు అల్లే చోట పొద్దస్తమానూ అగరొత్తులు వెలిగించి పెట్టుకుంది. భక్తి ఎక్కువైందనుకున్నాను. ఒకరోజు అన్నం వడ్డిస్తూ వంగినప్పుడు ఆ అగరొత్తుల వెనక ఉన్న వాసన తెలిసింది. బావకీ అప్పుడే తెలిసింది. కంచం పక్కకి నెట్టి తల్లి కాలు పట్టుకుని చూశాడు. వేలు నల్లబడింది. "వేడినీళ్ళు పడితే ఇలా అవుతుందేంటే?" అన్నాడు. అత్త కాలు చీర కిందికి లాక్కుంది. గంటలో కారు మాట్లాడి రాజమండ్రి తీసుకెళ్ళాడు.

అక్కడి సర్జను వయసులో చిన్నవాడే. కాలు తిప్పి తిప్పి చూసి, "వేడినీళ్ళు పడితే పాదమంతా కాలాలి కదండీ. ఇది మట్టె చుట్టూనే గుండ్రంగా ఉంది. ఏం జరిగిందో చెప్పండి" అన్నాడు. అత్త కళ్ళతోనే నన్ను చెప్పొద్దంది. చెప్పేశాను. టబ్బులు, బోరు నీళ్ళు, దారం, నాబు, అన్నీ. బావ నా పక్కనే నిలబడి విన్నాడు.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఇలాంటిది పైకి చిన్నగా కనిపిస్తుందమ్మా, లోపల ఎంత పోయిందో తెలీదు. పైగా షుగరు కాలు. మొదటి రోజే చెప్పుంటే..." అని ఆగిపోయాడు. ఆ వాక్యం ఈ రోజుకీ నేనే రకరకాలుగా పూర్తి చేసుకుంటున్నాను.

బావ వరండాలోకి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. వెనకే వెళ్ళాను. "బోరు నీళ్ళు ఎందుకు పోశావే?" అన్నాడు.

"టిన్ను అయిపోయింది."

"ఉప్పు నీళ్ళకి కరెంటు ఎక్కువ లాగుద్దని నేను చెప్పలేదా?"

"చెప్పలేదు."

తల దించుకున్నాడు. అంతకుమించి ఆ రోజు మా ఇద్దరికీ మాటల్లేవు. ఆ తరవాత చాలా రోజులు లేవు.

వేలు వాచిపోయి మట్టె రావడం లేదు. కత్తిరించాలంటే అత్త ఒప్పుకోవడం లేదు. కాలు వెనక్కి లాక్కుంటోంది. నర్సమ్మ పెద్దావిడ, ఓపికగల మనిషి. కట్టరు చేత్తో పట్టుకుని కూడా అత్తని బలవంతపెట్టలేదు. వెళ్ళి మావయ్యని పిలుచుకొచ్చింది. మావయ్య నలుగురిలో భార్యతో మాట్లాడే మనిషి కాదు. వచ్చి మంచం చివర కూర్చుని, అత్త పాదం ఒళ్ళోకి తీసుకున్నారు. "తియ్యండమ్మా" అన్నారు నర్సమ్మతో. తరవాత అత్తతో, "నాకేం అవదులే మంగా" అన్నారు. అత్త మొహం గోడ వైపు తిప్పుకుంది.

ముందు ఆ వేలు తీశారు. వారానికి సగం పాదం. ఆపై మోకాలి కింద నుంచి. ప్రతిసారీ కాగితం మీద సంతకం చెయ్యమనేవారు. బావ పెన్ను నా చేతిలో పెట్టేస్తే నేను చేశాను. మిషను మానేసి నెల దాటింది, నా చేతులు మళ్ళీ మామూలైపోయాయి. సంతకం అలుక్కుపోయింది. నర్సమ్మ ఏమీ అనకుండా ఇంకో కాగితం తెచ్చింది. అదీ అలుక్కుపోయింది. మూడో కాగితం కింద తన రుమాలు పెట్టింది.

ఆపరేషనుకొక పూట చొప్పున ఆ గది బయట హాల్లో మూడు పూటలు గడిపాను. కోనసీమ నుంచి వచ్చిన ఒకావిడ, భర్తకి ఆపరేషనని కూర్చుంది. తన ఇడ్లీల్లో రెండు నా చేతిలో పెట్టబోయి, నా అరచెయ్యి చూసి, "ఎంత ఏడ్చావే తల్లీ, చేతులన్నీ తడే" అంది. తన తువ్వాలు ఇచ్చింది. నేనప్పటికి ఏడవలేదు. చేతులే అలా ఉన్నాయి. ఆ మాట ఆవిడకి చెప్పలేదు. తువ్వాలు మొహానికి పెట్టుకున్నాక మాత్రం ఏడుపు ఆగలేదు.

ఆగస్టు నుంచి

అత్తని ఇంటికి తెచ్చుకున్నాం. వచ్చేసరికి టబ్బుల్లేవు. మేం ఆస్పత్రిలో ఉండగా బావ ఒకరోజు ఇంటికొచ్చి ఆ మిషన్ని మోటారు విప్పినట్టే ఒక్కో మరా విప్పి, దేనికది సంచిలో కట్టి పెట్టాడట. పగలగొట్టలేదు, పారెయ్యలేదు. ఆ సంచి చాలా రోజులు పెరటి గోడకి వేలాడింది. తను ఏ చెరువు మీదికీ వెళ్ళడం మానేశాడు. ఇంట్లో స్విచ్చి వెయ్యాలన్నా నన్నే వెయ్యమనేవాడు.

అత్త మాత్రం అత్తలాగే ఉంది. లేసు సూది అడిగింది, దారం అడిగింది. మంచం మీద కూర్చుని పువ్వులు అల్లింది. ఎడంకాలి మట్టె చూపించి, "సగం పెళ్ళాన్నయిపోయానండి మీకు" అని మావయ్యని ఏడిపించింది. మావయ్య లేచి బయటికి వెళ్ళిపోయారు.

ఒక మధ్యాహ్నం ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. ఎలా అడిగానో నాకే తెలీదు. "నా మీద కోపం లేదా అత్తా? ఆ నాబు తిప్పింది నేను."

"తిప్పమంది నేను" అంది. "తిప్పకపోతే నిన్ను తిట్టేదాన్ని. ఆ పూట నాకు బాగానే ఉందే వేణీ. నువ్వు నా కాళ్ళ దగ్గర కూర్చుని దారం చుడతన్నావు చూడు, అప్పుడు నా చిన్నతనంలో మా అమ్మ పారాణి పెట్టడం గుర్తొచ్చింది." అని నా చేతులు లాక్కుని చెంగుతో తుడిచింది. "మళ్ళీ మొదలైందేం? వెళ్ళి ఆ డాక్టరమ్మకి చూపించుకో. ఆస్పత్రిలో చేయించుకో. ఇంట్లో వద్దు."

అక్టోబరులో జ్వరాలు మొదలయ్యాయి. కిడ్నీలు కూడా పాడయ్యాయన్నారు. ఇది ఆ కాలిన గాయం వల్లేనా అని సర్జనుని అడిగాను. "అదొక్కటే అని చెప్పలేనమ్మా, షుగరు ఎప్పటినుంచో ఉంది" అన్నాడు. నాకు ఊరట కలగాలని అన్నాడు. అదొక్కటే కాదు అంటే అది కూడా అనే కదా అర్థం.

కార్తీకమాసం మొదటి సోమవారం పొద్దున అత్త పోయింది.

ఇప్పుడు

ఈ మధ్య పాలకొల్లు వెళ్ళి డాక్టరమ్మకి జరిగిందంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు నా చేతులు పట్టుకుని కూర్చుంది. వైద్యంలో తప్పు లేదని, సరైన మిషనుతో, సరైన మనిషికి, పక్కన తెలిసినవాళ్ళుండి చేస్తే మేలే చేస్తుందని చెప్పింది. నమ్ముతున్నాను. చేయించుకునే ధైర్యం ఇంకా రాలేదు.

చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది కొంచెమే. మీ ఆయన ఎంత పనిమంతుడైనా సరే, మీ ఒంట్లోకి పంపే కరెంటుకి ఇంట్లో మిషను తయారు చెయ్యనివ్వకండి. ఒకరికి రాసిచ్చిన వైద్యం ఇంకొకరికి చెయ్యకండి, ఎంత ప్రేమగా అడిగినా. ఏమీ తెలియడం లేదని ఎవరైనా అంటే పెంచకండి, ఆపండి. ఇంత జాగ్రత్తలోనూ ఏదైనా జరిగితే మొదటి డాక్టరుకే, మొదటి రోజే నిజం చెప్పండి. నేను ఈ నాలుగూ పాటించలేదు.

బావా నేనూ ఇప్పుడిప్పుడే మాట్లాడుకుంటున్నాం. ఎక్కువగా కూరల గురించీ, మావయ్య మందుల గురించీ. పెరట్లో సంచి మొన్న తనే తీసేశాడు. ఎక్కడికి పట్టుకెళ్ళాడో నేను అడగలేదు.

ఇంకొక్కటి చెప్పాలి. అత్త పోయిన రోజు వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు. పుణ్యస్త్రీ అని, పసుపు రాసి స్నానం చేయించి కొత్తచీర కట్టారు. కొత్త మట్టెలు పెట్టాలని ఎవరో అన్నారు. అప్పటికే మావయ్య నరసాపురం వెళ్ళి తెచ్చి జేబులో ఉంచుకున్నారు. షాపులో జతే అమ్ముతారు కాబట్టి జతే తెచ్చారు. కాళ్ళ దగ్గర కూర్చుని ఎడంకాలికి ఒకటి తొడిగారు. రెండోది వేళ్ళ మధ్య పట్టుకుని కుడి వైపు చెయ్యి చాపారు. అక్కడ చీర కుచ్చిళ్ళు కింద పరుపుకి ఆనుకుని ఉన్నాయి. ఆయన చెయ్యి కాసేపు ఆ కుచ్చిళ్ళ మీదే ఉండిపోయింది. తరవాత నా వైపు తిరిగి, "నీ దగ్గరుంచమ్మా" అని నా చేతిలో పెట్టారు.

గుప్పిట బిగించాను. మట్టె తడిసిపోయింది. చెయ్యి తుడుచుకోవడానికి అలవాటు కొద్దీ అత్త చెంగు అందుకున్నాను. కొత్తచీర, మరకవుతుందని ఒక్క క్షణం ఆగాను. తరవాత తుడుచుకున్నాను.